ఆరు వేళ్లు

తాతకు చెముడు. ఇంట్లో ఆయనతో మాటలు ఎక్కువగా చేతులతోనే సాగుతాయి. 2011 ఫిబ్రవరిలో మనవడికి వీసా వచ్చిందని చెప్పడానికి కోడలు రెండు చేతులూ రెక్కల్లా చాపి చూపించింది. తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"ఏ ఊరు రా?"

మనవడు చెవి దగ్గర అరిచాడు. "ఆఫ్ఘనిస్తాన్, తాతా. మిలటరీ కేంపు. కరెంటు పని."

"ఎవుడి కింద?"

"కంపెనీ కింద. కేంపు పేరు బాస్టియన్."

ఆ మాట రెండోసారి అరవాల్సిన పని లేకపోయింది.

"కూలెంత?"

"నెలకి తొమ్మిదొందల డాలర్లు. మన లెక్కలో నలభై వేలు."

తాత కుడిచేతి అయిదు వేళ్లూ, ఎడమచేతి బొటనవేలూ ఎత్తాడు. ఆరు. వాటిలో నాలుగు మడిచాడు. మిగిలిన రెండింటినీ మనవడి ముఖం ముందు ఆడించాడు.

ఇంట్లో అందరూ నవ్వారు. మనవడూ నవ్వాడు.

నర్సీపట్నంలో ఆ లెక్క తెలియని ముసలివాళ్లు తక్కువ. బాస్టియన్ తెల్లదొరల కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఘాట్ రోడ్డు వేయించాడు. కొండ మీద మన్యం జనాన్ని పట్టుకొచ్చి రాళ్లు మోయించాడు. రోజుకి ఆరణాలు ఇవ్వాల్సిన చోట రెండణాలు ఇచ్చాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద వరసగా మూడు రోజుల్లో పడ్డాడంటే, ఆ వెనక ఈ నాలుగణాలు కూడా ఉన్నాయి. తర్వాతి నెల దామనపల్లి ఘాటులో చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరల సమాధులు నర్సీపట్నంలోనే ఉన్నాయి. రోడ్డు వేసిన కూలీల పేర్లు ఏ రాయి మీదా చెక్కగా నేను చూడలేదు. తాత తండ్రి ఆ కూలీల్లో ఒకడు. తాత అప్పటికి పుట్టలేదు. లెక్క మాత్రం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు.

హెల్మాండ్ ఎడారిలో బ్రిటిష్ సైన్యం 2006లో కట్టుకున్న స్థావరానికీ ఈ తహసీల్దారుకీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషులో ఆ మాటకు కోట బురుజు అని అర్థం. మనవడు అదే చెప్పాడు. తాతకు వినపడలేదు.

ఏజెంటుకి రెండు లక్షలు కట్టారు. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకి నాలుగు వేలు వడ్డీకి పోయినా ముప్పై ఆరు వేలు మిగులుతాయని తల్లి క్యాలెండరు వెనక రాసుకుంది.

విశాఖ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి దుబాయి. దుబాయిలో ఒక గదికి పన్నెండు మంది. కంపెనీ మనిషి వచ్చి పాస్‌పోర్టులు తీసుకున్నాడు, భద్రంగా ఉంటాయన్నాడు. పదకొండో రోజు విమానం ఎక్కించి కాందహార్‌లో దింపారు.

కాందహార్‌లో రన్‌వే కన్నా ముందు మురుగు చెరువు తెలుస్తుంది. వేలమంది వాడిన నీళ్లన్నీ అందులోకే. గాలి ఇటు తిరిగితే అన్నం ముందు కూర్చోలేరు. నేలంతా కంకర. కంకర మీద పెద్ద డేరా, డేరా నిండా మడతమంచాలు. నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, కేరళ వాళ్లు, ఒక మూల మనవాళ్లు నలుగురు. ఫోను కనపడనివ్వకూడదు, ఫొటో తీయకూడదు. మెడలో కార్డు లేకుండా మరుగుదొడ్డికి కూడా పోకూడదు. సైరన్ మోగితే ముఖం నేలకు ఆనించి పడుకోవాలి.

బాస్టియన్‌కి రోడ్డు మీద పంపరు. సైనిక విమానమే. అందులో ముందు సైనికులకి చోటు, తర్వాత సామానుకి. మిగిలిన సీట్లు పనివాళ్లవి. విమానం ఎప్పుడో ముందుగా చెప్పరు. అర్ధరాత్రి ఒకతను చీటీ పట్టుకుని వచ్చి పేర్లు చదువుతాడు. పిలిచినప్పుడు లేకపోతే వరసలో మళ్లీ మొదటికి. అందుకని మూడు రాత్రులు మనవడు బూట్లు విప్పకుండా పడుకున్నాడు.

నాలుగో రాత్రి పేరు పిలిచారు. ఒక్కొక్కరికీ తూటాలు ఆపే జాకెట్ ఒకటి, ఒక హెల్మెట్ ఇచ్చారు. జాకెట్ వేసుకుంటే భుజాలు దిగిపోయాయి. హెల్మెట్ పాతది. లోపలి పట్టీ ఎవరెవరిదో చెమటకి నల్లబడి గట్టిపడింది. గెడ్డం కింది తాడు మీద పెన్నుతో రాసిన అక్షరాలు ఉన్నాయి. ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు, దాన్నీ కొట్టేసి ఇంకోటి. ఏ దేశం లిపో కొన్ని తెలిశాయి, కొన్ని తెలియలేదు. మనవడి దగ్గరా పెన్ను ఉంది. రాయలేదు.

అందరూ తయారై బస్సు కోసం నిలబడ్డాక కంపెనీ మనిషి మళ్లీ వచ్చాడు. చేతిలో కాగితాల కట్ట, భుజానికి పాస్‌పోర్టుల సంచీ. తలకి కట్టుకున్న చిన్న ఎర్రలైటు వెలుగులో ఒక్కొక్కరి కాగితం తీసి ఇచ్చాడు. విశాఖలో సంతకం పెట్టిన కాగితం లాంటిదే. పైన అదే పేరు, అదే ఊరు, అదే పని. ఒక అంకె మారింది.

"ఇది అది కాదు సార్" అన్నాడు మనవడు హిందీలో.

"ఇష్టం లేకపోతే డేరాలో ఉండు. తిరుగు టికెట్టు నీ ఖర్చు. తర్వాతి విమానం ఎప్పుడో నాకూ తెలియదు."

యజమాని పనివాడి పాస్‌పోర్టు అట్టే పెట్టుకోకూడదని ఇరాక్‌లో అమెరికా సైన్యం 2006లోనే ఉత్తర్వు ఇచ్చింది. తన ప్రభుత్వ కాంట్రాక్టుల్లో పనివాళ్ల దగ్గర ఏజెంటు రుసుము వసూలు చేయకూడదని ఒబామా సంతకం పెట్టింది 2012 సెప్టెంబరులో. ఆ రాత్రి ఆ డేరాలో మొదటి సంగతి ఎవరికీ తెలియదు. రెండోది ఇంకా పుట్టలేదు.

బల్ల లేదు. కేరళ అతను ముందుగా హెల్మెట్ తీసి, మోకాలి మీద బోర్లించి, దాని మీద కాగితం పరిచాడు. మనవడూ అలాగే చేశాడు. గుండ్రటి దాని మీద కాగితం నిలవలేదు. ఎడమచేత్తో అదిమి పట్టుకుని సంతకం పెట్టాడు. పెన్ను ఒకచోట కాగితంలోకి దిగిపోయింది.

చెవుల్లో పెట్టుకోవడానికి పసుపురంగు స్పాంజి బిళ్లలు ఇచ్చారు. విమానంలో సీట్లు వల గుడ్డవి, గోడవార ఎదురెదురుగా. లైట్లు ఆర్పేశారు. గంట లోపే బాస్టియన్‌లో దిగారు. దిగగానే జాకెట్, హెల్మెట్ వెనక్కి తీసుకున్నారు.

రెండేళ్లు పనిచేశాడు. డేరాలకి వైర్లు లాగాడు, జనరేటర్లు చూశాడు. 2012 సెప్టెంబరు 14 రాత్రి తాలిబన్లు కంచె కోసి లోపలికి వచ్చి ఆరు హారియర్ విమానాలు తగలబెట్టారు. ఇద్దరు అమెరికన్ మెరీన్లు చనిపోయారు. తెల్లారేదాకా మనవడు ఇసుక బస్తాల వెనక బోర్లా పడుకున్నాడు. తల్లి ఫోనులో ఏడిస్తే "అది మాకు దూరమమ్మా" అన్నాడు.

నెలనెలా ఎనిమిది వేలు పంపాడు. నాలుగు వడ్డీకి, నాలుగు ఇంటికి. మిగతాది అక్కడే బ్యాంకులో వేస్తున్నాడని తల్లి ఇరుగుపొరుగుకి చెప్పింది. అది ఆమె ఊహించుకున్నది కాదు. ఫోనులో వాడు చెప్పిందే.

2013 మార్చిలో తిరిగి వచ్చాడు. తల్లికి చీర, చెల్లెలికి వాచీ, తాతకి దుప్పటి తెచ్చాడు. సాయంత్రం దాకా చుట్టాలు వస్తూనే ఉన్నారు. మేడ ఎప్పుడు మొదలుపెడతావని అడిగారు. తల్లి చేపలపులుసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. మనవడు తాత మంచం పట్టె మీద కూర్చున్నాడు.

జేబులో పసుపురంగు స్పాంజి బిళ్లలు ఇంకా ఉన్నాయి. తీసి చూపించాడు. తాత ఒకటి తీసుకుని వేళ్ల మధ్య నొక్కాడు. అది మెల్లగా మళ్లీ ఉబ్బింది. చెవిలో పెట్టుకునేదని మనవడు చేత్తో చూపించాడు. తాత తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడు కుడిచేతి అయిదు వేళ్లూ ఎత్తాడు. ఎడమచేతి బొటనవేలు ఎత్తాడు. మనవడి ముఖంలోకి చూస్తూ అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మనవడు ఒకసారి వంటింటి వైపు చూశాడు. తర్వాత తాత చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్కటిగా నాలుగు వేళ్లు మడిచాడు.