నేను రాగి కాగును

నేను రాగి కాగును. బందరు పక్కన పెడనలో, ఒక కలంకారీ కుటుంబం కొత్తగా కట్టుకున్న ఇంటి పెరట్లో, ఇటుక పొయ్యి మీద ఉంటాను. బట్టకు ఎరుపు పట్టేది నా కడుపులోనే.

నా దగ్గరకు వచ్చేసరికే బట్టకు సగం పని అయిపోయి ఉంటుంది. గంజి పోయేదాకా ఉతుకుతారు, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. తర్వాత టేకు అచ్చులతో నల్లగీతలు అద్దుతారు. తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో పులియబెడితే వచ్చే కసిమే ఆ నలుపు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. కాలువలో జాడించి తెచ్చిన ఆ బట్టను రంగునీళ్ళలో వేసి నాలో మరిగిస్తే, పటిక ఉన్నచోటల్లా ఎరుపు తేలుతుంది. ఇనప పాత్రయితే ఆ ఎరుపు నల్లబారుతుంది. అందుకే ఈ పనికి రాగి.

ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో కొట్లు పెట్టింది ఈ తీరం బట్టల కోసమే. చిరివేరులో ఉండే అలిజరిన్‌ను 1868లో గ్రేబే, లీబర్మాన్ అనే జర్మన్ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. ఇప్పుడు నాలో ఎక్కువగా మరిగేది అలా తయారైన అలిజరిన్ పొడే. రంగు ఏదైనా మంట నిదానంగా ఉండాలి. గోరువెచ్చగా మొదలుపెట్టి మెల్లగా మరుగుకు తేవాలి, కర్రలతో బట్టను తిప్పుతూనే ఉండాలి. ఒక్కసారిగా కట్టెలు ఎగదోస్తే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

పాత ఇల్లు ఇరుకు సందులో ఉండేది. అచ్చుల బల్లలూ నేనూ ఒకే పాకలో. పొగకు ఆడవాళ్ళ కళ్ళు ఎర్రబడేవి, మసి రాలి అద్దిన బట్ట పాడయ్యేది. పైన తాటాకు, కింద మంట. ఇంటిల్లిపాదికీ అదే భయం.

ఊరి చివర స్థలం కొన్నాక అబ్బాయి ప్లాను గీయించి తెచ్చాడు. పెద్దాయన దాన్ని చూసి, ‘‘హాలు సంగతి తర్వాత. పొయ్యి ఎక్కడో ముందు చెప్పరా’’ అన్నాడు.

‘‘ఆగ్నేయంలో పెడదాం నాన్నా, వాస్తు ప్రకారం.’’

‘‘మధ్యాహ్నం గాలి సముద్రం వైపు నుంచే కదా వచ్చేది! పొగంతా అచ్చుల గదిలోకి పోదూ?’’

చివరికి ఇద్దరి మాటా నిలిచింది. అచ్చుల గదికి వాయవ్యంగా విడిగా రేకుల షెడ్డు వేశారు. ఆ షెడ్డులో ఆగ్నేయ మూల నాకు పొయ్యి కట్టారు. నల్లరేగడి కుంగుతుందని మెరక తోలించి, దిమ్మిస కొట్టించి, ఆ పైనే పునాది లేపారు. పొయ్యి వెనక నుంచి రేకుల పైదాకా పొగగొట్టం లేపారు. వేడి పైనుంచే పోయేలా గోడకూ రేకులకూ మధ్య ఖాళీ వదిలారు. ఇది చలికి గది వెచ్చబెట్టుకునే దేశం కాదు. ఇక్కడ వేడి నా అడుగున ఉండాలి, మనిషికి గాలి తగలాలి.

నీళ్ళ సంగతి ఇంకా కష్టం. ఇక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి, ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. అందుకని మంచినీళ్ళకు పెద్ద సిమెంటు తొట్టి కట్టారు. నేలను ఒకవైపు వాలుగా చేసి, మరిగిన రంగునీళ్ళు చేల కాలువలో కలవకుండా వేరే గుంటలోకి మళ్ళించారు. నా కింద సరుగుడు కట్టెలు మండుతుంటే ఇప్పుడు నా పక్కన నిలబడి బట్ట తిప్పే కోడలికి కళ్ళు మండడం లేదు. ఎరుపు కూడా బట్టంతా ఒకే తీరుగా పడుతోంది.

చేతిపని ఉన్న ఇల్లు కట్టుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. ముందుగదికి పాలరాయి తర్వాత వేసుకోవచ్చు. పొయ్యికి చోటు, పొగకు దారి, వాడిన నీటికి గుంట మొదట చూసుకోండి. పనిచేసే మనిషికి ఊపిరాడని చోట ఏ పనీ నిలవదు.