కవరు మామ్మ

చింతలపూడి తహశీల్దారు ఆఫీసు అరుగు మీదో, సచివాలయం గుమ్మంలోనో ఈవిడ మీకు కనబడే ఉంటుంది. ఒక్కావిడే అనుకోకండి, ఊరికి నలుగురైనా ఉంటారు. చంకలో బట్టల కొట్టు కవరు. అందులో ఆధారు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, కరెంటు బిల్లు, ముసలాయన మరణ ధ్రువపత్రం, వాటన్నిటికీ మూడేసి జిరాక్సులు. ఉన్నవాడి ఆస్తికైనా ఇన్ని దస్తావేజులుండవు. వానొస్తే మామ్మ కొంగు నెత్తిన కాదు, కవరు మీద కప్పుతుంది.

ఆఫీసు భాష ఆవిడకి కొట్టినపిండి. "సర్వర్ డౌనా, ఈకేవైసీ పెండింగా బాబూ?" అని తనే అడిగేస్తే పాపం ఆ కుర్ర ఉద్యోగికి చెప్పడానికేం మిగలదు. "పైకి పంపాం మామ్మగారూ" అంటాడు.

"పైకి మా ఆయన్నీ పంపాం నాయనా, ఇంతవరకూ కబుర్లేదు!"

ఇంట్లో లెక్కలన్నీ పింఛను శకంలోనే. పెద్ద మనవడు వైఎస్ 200 ఇచ్చేటప్పుడు పుట్టాడు. మనవరాలిది 1000 పింఛను కాలం. చిన్నమ్మాయి కాపురానికెళ్లింది 2019లో, 2000 అయ్యాక. 2024 జూలైలో పాత బకాయితో కలిపి ఒక్కసారే 7000 చేతిలో పడ్డ రోజు మాత్రం ఆవిడ పండగల జాబితాలోకి ఎక్కింది.

అన్నీ పండగలే కావు. పింఛను అర్హతకి ఆరు అంచెల పరిశీలన పెట్టిన రోజుల్లో, నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు కాలుస్తోందని కంప్యూటరు తేల్చింది. ఉన్నవి రెండు బల్బులూ ఒక ఫ్యానూ. ఎవరి మీటరో ఈవిడ ఆధారుకి తగిలింది. "ఆ ఏసీ ఎక్కడుందో చూపిస్తే కాసేపు కూర్చుని వస్తాను" అంది. మీటరు మామ్మదేనని కంప్యూటరు రుజువు చేయనక్కర్లేదు. కాదని మామ్మే రుజువు చేసుకోవాలి. లేనితనం అనుభవించడం ఒక పని, దాన్ని నిరూపించడం ఇంకో పని. రెండోదానికి కూలి కూడా లేదు.

ఇక మామిడి కోతలొస్తే వేలిముద్ర పడదు. తొడిమ విరిచినప్పుడల్లా సొన చిమ్మి వేళ్లు పొక్కుతాయి. మిషను ఈవిణ్ణి ఈవిడ కాదంటుంది. "నలభయ్యేళ్లు కాపురం చేసినాయన కూడా ఇన్నిసార్లు అనుమానించలేదమ్మా!"

మీకెప్పుడైనా ఆ ఆఫీసులో పని పడితే గోడమీది బోర్డులు చదువుతూ నిలబడకండి. మామ్మనడగండి. ఏ కాగితం జతచేయాలో, ఏ బల్ల దగ్గరికి ఎప్పుడెళ్లాలో, జిరాక్సు ఏ కొట్లో చవకో అన్నీ చెబుతుంది. టీ ఇప్పించడం మాత్రం మరిచిపోకండి.