కుర్చీ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. ఎస్సెనూరి సంత కేగువాఁ డెప్పుడు
కుర్చి చూడవలయుఁ గొనక మున్ను
పెట్టెలోని యాట పేరుకే యాటయౌ
చెప్పువాఁడు లేక చెక్కముక్క

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. మకుటం లేదు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో సామాను తూకానికి అదనపు సొమ్ము కట్టాక, ఇంకొక పాదం రాసే ఓపిక కవికి లేకపోయిందని ఒక ఊహ. సీసం పక్కన పెట్టి ఆటవెలదినే ఎందుకు పట్టుకున్నాడన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కర్లేదు.

ప్రతిపదార్థం

ఎస్సెన్ + ఊరి = ఎస్సెన్ అను జర్మను పట్టణముయొక్క; సంతకున్ = బల్లలాటల మేళకు; ఏగువాఁడు = ఖాళీ సంచులతో పోవువాడు; ఎప్పుడు = గురువారము మొదలు ఆదివారము వరకు నాలుగు దినములును; కుర్చి = ఎవరును కూర్చుండని ఆసనమును; చూడవలయున్ = కనిపెట్టుకొని యుండవలయును; కొనక మున్ను = జేబులోని యూరోలు తీయకమునుపే; పెట్టెలోని ఆట = అట్టపెట్టెలో అణగియున్న ఆట; పేరుకే ఆట + ఔ = మూతమీది బొమ్మ వరకే ఆట యగును; చెప్పువాఁడు లేక = విప్పి చెప్పు దిక్కు లేనిచో; చెక్కముక్క = చెక్కముక్కయే.

ఛందస్సు ఇరుకు వల్ల 'కుర్చీ' దీర్ఘం పోగొట్టుకుంది. సంతలో ఇరుకు అంతకన్నా ఎక్కువ కనుక కవిని క్షమించవచ్చు.

టీక

"ఎస్సెనూరి సంత" అన్నాడు. బొగ్గు తవ్వి, ఉక్కు పోసి బతికిన ఊరది. క్రుప్ వారి ఉక్కు సామ్రాజ్యం పుట్టింది అక్కడే. ఊరి చివరి గని 1986లో మూతపడింది. ఆ గని ఇంకా నడుస్తుండగానే, 1983లో, ఫ్రీడ్‌హెల్మ్ మెర్ట్స్ అనే ప్రచురణకర్త పూనికతో ఆటలవాళ్ళు అక్కడి వయోజన విద్యాలయంలో కూడారు. అదే పెరిగి పెరిగి మెస్సే ఎస్సెన్ ప్రదర్శనశాలలకు చేరింది. ఇప్పుడు దాని పేరు ష్పీల్. ఏటా అక్టోబరులో జరుగుతుంది. 2024లో ఆ నాలుగు రోజుల్లో రెండు లక్షల పైచిలుకు జనం వచ్చారు. పొద్దున పదింటికి తలుపులు తీసేవేళ యు11 రైలు ఎక్కినవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇచ్చట ఒక శంక. అమెరికాలో గ్యారీ గైగాక్స్ 1968లో లేక్ జెనీవాలో మొదలుపెట్టిన జెన్ కాన్ దీనికన్నా పాతది గదా, కవి దాన్ని ఎందుకు విడిచాడు? యతి కుదరక అని కొందరు. అది పొసగదు, కుదరని యతిని కుదిర్చిన కవులను చాలామందిని చూశాం. అసలు కారణం రెండో పాదంలో ఉంది. ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో జరిగే ఆ మేళలో ఫలానా గంటకు ఫలానా ఆట అని ముందే టికెట్టు కొని కుర్చీ ఖాయం చేసుకోవచ్చు. ఎస్సెన్‌లో చాలా బల్లల దగ్గర ఆ ముచ్చట లేదు. లేచినవాడి చోట కూర్చోవడమే. కుర్చీ కోసం పడిగాపులు పడనివాడు ఇటువంటి పద్యం రాయడు.

"చూడవలయున్" అన్న క్రియలో కవి లోతు తెలుస్తుంది. అడగవలయును అనలేదు. ఆడుతున్నవాళ్ళ దగ్గరికి పోయి "అయిపోయిందా?" అనడం అనాగరికం. చూడటానికి ఒక పద్ధతి ఉంది. కార్కసోన్ బల్ల అనుకోండి. అది 2000లో వచ్చిన ఆట. అందులో పలకలు 72. అనుభవం లేనివాడు ఆటగాళ్ళ మొహాలు చూస్తాడు. ఉన్నవాడు పలకల దొంతర చూస్తాడు. దొంతర జానెడుంటే పక్క కొట్టుకు పోయిరావచ్చు. నాలుగు వేళ్ళ ఎత్తుకు దిగితే కాఫీ కూడా తాగకూడదు. ఏడెనిమిది పలకలు మిగిలేసరికి భుజాన ఉన్న సంచి కిందికి దించి, కుర్చీ వీపుకు మూరెడు దూరంలో నిలబడి, చేతిలో ఏదో కరపత్రం శ్రద్ధగా చదువుతున్నట్టు ఉండాలి. ఆఖరి పలక పడ్డాక ఆటగాళ్ళు లేవరు, లెక్క వేసుకుంటారు. పొలాల లెక్క దగ్గర తగవు పడతారు. పడనివ్వాలి. ఆ తగవులోంచి కూడా నియమాలు నేర్చుకోవచ్చు.

"చెప్పువాఁడు." పద్యానికి ప్రాణం ఈ మాటే. ఆటలు ప్రచురించేవాళ్ళు ఒక్కొక్క బల్లకు ఒక మనిషిని నిలబెడతారు, ఆట నేర్పడానికి. జర్మన్లు ఇతణ్ణి ముద్దుగా 'ఎర్క్లేర్‌బేర్' అంటారు. విడమరిచి చెప్పే ఎలుగుబంటి అని. ఎలుగుబంటే ఎందుకో నాకూ తెలుసు గాని ఇక్కడ అప్రస్తుతం. ఆటతో వచ్చే నియమాల పుస్తకం సూత్రప్రాయం. మినహాయింపుకు మినహాయింపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూసుకుంటూ చదివి వినిపించేవాడు చెప్పువాడు కాడు, చదువువాడు. అసలైన చెప్పువాడు ముందు ఎలా గెలవాలో చెబుతాడు. తరువాత నీ వంతు వచ్చినప్పుడు నువ్వు చేయగలిగిన మూడు నాలుగు పనులు చెబుతాడు. ఎవరైనా "ఒకవేళ" అని మొదలుపెడితే చేయి అడ్డం పెట్టి, "అది వచ్చినప్పుడు చెప్తా" అంటాడు. అలా అనగలిగిన పండితుణ్ణి మన సభల్లో నేను తక్కువగా చూశాను. ఆదివారం మధ్యాహ్నానికి అతని గొంతు పోతుంది. అప్పుడు చూపుడువేలే మాట్లాడుతుంది. మనం తప్పు గడిలో పెట్టిన చెక్కబొమ్మను ఆ వేలు మెల్లగా పక్క గడిలోకి తోస్తుంది. ఒక్క మాట లేకుండా ఒక పేజీ నియమం అర్థమవుతుంది.

పూర్వపక్షం: ఈ కాలంలో ప్రతి ఆటకూ వీడియో ఉంది, చెప్పువాడెందుకు? కరోనా వల్ల 2020లో ఈ సంత హాళ్ళలో జరగక తెర మీదే జరిగిందిగా? జరిగింది. మరుసటి ఏడే జనం మళ్ళీ హాళ్ళకు చేరారు. వీడియో అందరికీ ఒకే మాట చెబుతుంది; నీ మొహంలో అయోమయం అది చూడదు. జర్మనీలో 1979 నుంచి ఇస్తున్న 'ఏటి మేటి ఆట' బహుమానానికి నియమాల స్పష్టత కూడా ఒక కొలత అంటే, రాతలో స్పష్టత ఎంత అరుదో ఊహించుకోవచ్చు.

ఇంకొక శంక గట్టిది. 1914 నుంచి జర్మన్ ఇళ్ళలో ఆడుతున్న ఒక ఆటలో నాలుగు రంగుల కాయలు బల్ల చుట్టూ తిరిగి ఇంటికి చేరతాయి, వెనకనుంచి వచ్చిన కాయ దెబ్బకొడితే మళ్ళీ మొదటికి వస్తాయి. మన పచ్చీసు వంశానిదే ఆ ఆట. దాని దగ్గర ఏ ఎలుగుబంటీ అక్కర్లేదు గదా, పద్యం తప్పినట్టేనా? తప్పలేదు. అక్కడ చెప్పువాడు సంతలో లేడు, ఇంట్లో ఉన్నాడు. మన అష్టాచెమ్మా సంగతే చూడండి. సుద్దతో గీసిన గళ్ళు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. పెట్టె లేదు, పుస్తకం లేదు. చెప్పే అమ్మమ్మ నోరే మూలం. అందుకే ఊరికో పాఠాంతరం. ఎదుటి కాయను ఒక్కదాన్నయినా చంపనిదే లోపలి గళ్ళలోకి పోరాదని ఒక ఇల్లు, పోవచ్చని ఇంకో ఇల్లు. ఈ రెండిళ్ళ మధ్య పెళ్ళి కుదిరితే వేసవి సెలవుల్లో ఏమవుతుందో రాయడానికి ఈ టీక చాలదు.

"పెట్టెలోని యాట" గురించి ఎక్కువ చెప్పను. సంతలో మూతమీది బొమ్మ చూసి కొన్నవాళ్ళంతా పెద్దమనుషులే.

పాఠాంతరం

రెండవ పాదానికి "కుర్చి చూడవలయుఁ గొన్న పిదప" అని ఒక పాఠం ఉంది. గణాలు సరిపోతున్నాయి, యతి చెడలేదు. కొన్నాక కుర్చీ దేనికని పండితులు తల పట్టుకున్నారు. సీలు విప్పని పెట్టెలు ముప్పై నలభై దాకా ఉన్న ఇళ్ళలోని ప్రతుల్లోనే ఈ పాఠం దొరకడం వల్ల అర్థం సులువుగానే తేలింది. ఆ కుర్చీ కూర్చోవడానికి కాదు, అటక అందడానికి.