పచ్చ హెల్మెట్ పెట్టుకోబోయే తమ్ముడికి

తమ్ముడూ, బీటెక్ అయింది, బ్యాక్‌లాగులూ తీరాయి, అమీర్‌పేటలో రెండు మూడు సాఫ్ట్‌వేర్ కోర్సుల గుమ్మాలు తొక్కావు, ఏదీ అచ్చిరాలేదు. మీ మేనమామ కొడుకు దమ్మామ్‌లో సేఫ్టీ ఆఫీసరని, వాడు చేసేదల్లా పచ్చ హెల్మెట్ పెట్టుకుని సైట్ చుట్టూ తిరగడమేనని విని నా దగ్గరికొచ్చావు. మంచి పని చేశావు. ఈ లైన్లోనే తల పండింది నాకు. ఎన్ని సైట్లు మారినా నా ఫైల్లో ఒక్క కాగితం తక్కువైందన్న మాట పడలేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యి.

ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చుకుందాం. మన దేశంలో పారిశ్రామిక భద్రతలో ఏడాది డిప్లొమా ఒకటుంది. చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థ లాంటి చోట్ల చెబుతారు. దాని జోలికి పోకు. ఏడాది పొడుగునా కూర్చుని వింటే ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒకటి బుర్రకెక్కుతుంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో చేసిన కేంద్ర నిబంధనలు సేఫ్టీ ఆఫీసరుకి భద్రతలో డిప్లొమా ఉండాలంటాయి, అందులో నిర్మాణ భద్రత ఒక పేపరుగా చదివి ఉండాలంటాయి, సైట్లో ఏళ్ళ అనుభవం కావాలంటాయి. అననీ. గల్ఫ్ ఏజెంటు అడిగేది నెబోష్. 1979లో ఇంగ్లండులో పుట్టిన పరీక్షల బోర్డు అది. నీకు కావలసింది దాని ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్, మనవాళ్ళ నోట్లో ఐజీసీ. నిర్మాణ రంగానికని అదే బోర్డు విడిగా ఇంకోటి ఇస్తుంది కానీ, అది తీసుకుంటే నిర్మాణం గురించి చదవాల్సొస్తుంది.

కోచింగ్ సెంటరు దగ్గర పాఠం ఎవరు చెబుతారని అడక్కు. పాస్ గ్యారంటీ అని బోర్డు మీద ఉందా, దానితోపాటు ఓషా కార్డు, ఫైర్ సేఫ్టీ డిప్లొమా కలిపి కాంబో ఆఫర్ ఇస్తున్నారా, ఇవీ అడగాల్సినవి. ఆ డిప్లొమా మీద రెండేళ్ళ కిందటి తారీఖు వేసి ఇస్తామన్నారంటే ఇంకేం ఆలోచించకు, అడ్వాన్సు కట్టెయ్.

ఐజీసీలో రెండు భాగాలు. మొదటిది పుస్తకం చూసి రాసే పరీక్ష. ఇంట్లో కూర్చుని రాయొచ్చు, 24 గంటలు గడువు, 45 మార్కులొస్తే గట్టెక్కినట్టే. ఒక పని చోటు గురించి కథలాగా రెండు మూడు పేజీలు ఇస్తారు, అందులో ఎవరెవరు ఏం తప్పు చేశారో పట్టుకుని, ఆ కథలోంచే ఆధారం చూపిస్తూ జవాబు రాయమంటారు. ఇంత వెసులుబాటు ఇచ్చాక కూడా ఆ కథ చదువుతానంటే అది నీ అమాయకత్వం. వాట్సాప్ గ్రూపులో డబ్బులు పడేస్తే రాత్రికి జవాబులు దిగుతాయి. నీకొచ్చిన కథ గోడౌనుదీ, దిగిన జవాబు ఆస్పత్రి నర్సు నడుంనొప్పిదీ అయినా కంగారు పడకు. తర్వాత వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, నువ్వే రాశావా, ఈ మాట ఎందుకు రాశావు అని ఒక ఇంటర్వ్యూ చేస్తారు. అప్పుడు కరెంటు పోతుంది. మన ఊళ్ళో కరెంటు పోవడాన్ని ఇంగ్లండు వాళ్ళు ప్రశ్నించలేరు. పరీక్షలో మోసం తేలితే ఫలితం రద్దు చేస్తారట. గ్యారంటీ ఇచ్చింది కోచింగ్ సెంటరు కదా, రద్దయింది నీ ఫలితం. ఎవరి సంగతి వాళ్ళు చూసుకోవాలి.

రెండోది ప్రాక్టికల్. నిజంగా ఉన్న పని చోటొకటి తిరిగి చూసి కనీసం 10 ప్రమాదాలు రాయాలి, అవి కనీసం ఐదు రకాల కిందికి రావాలి, అందులోంచి మూడు అత్యవసర చర్యలు ఏరి నైతికంగా, చట్టపరంగా, డబ్బుపరంగా ఎందుకు చెయ్యాలో వాదించాలి. తిరగడమెందుకు? సీనియర్ల ఫైలు తెచ్చుకో. అందరి ఫైళ్ళలోనూ నేల మీద అదే నూనె, అదే తెగిన వైరు, మెట్ల కింద అవే అట్టపెట్టెలు.

సర్టిఫికెట్ చేతికొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది అనుకుందాం. ఆ 1998 నిబంధనల ప్రకారం 500 మంది కార్మికులుంటే సేఫ్టీ ఆఫీసరు ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త భద్రతా కోడ్ నిర్మాణ సైట్లకి ఆ సంఖ్యను 250కి దించింది. మన కంట్రాక్టర్లు లెక్కల్లో ఘటికులు. సెంట్రింగ్ ముఠాని ఒక పేరు మీద, రాడ్ బెండర్లని ఇంకో పేరు మీద, తాపీ వాళ్ళని బావమరిది పేరు మీద రాయించి ఏ రిజిస్టరు తిప్పినా 240 దాటకుండా చూసుకోగలరు. సేఫ్టీ ఆఫీసరుగా నువ్వు సమర్థించకూడని నిర్లక్ష్యం ఇదొక్కటే. పోయేది నీ పోస్టు.

సైట్లో మొదటి రోజు ఒక పటం గోడకి అంటించు. ప్రమాదాన్ని అదుపు చేసే ఐదు మెట్లు: అసలు లేకుండా చేయడం, దాని బదులు ఇంకోటి వాడటం, కంచెలూ గార్డులూ కట్టడం, నియమాలూ శిక్షణా పెట్టడం, చిట్టచివర హెల్మెట్, బూట్లు, బెల్టు. వరుస పైనుంచి కిందికి అని పుస్తకం అంటుంది. నువ్వు కిందనుంచి మొదలుపెట్టు, అక్కడే ఆగు. పై మెట్టుకి ప్రాజెక్ట్ మేనేజరుతో గొడవ పడాలి, కింది మెట్టుకి స్టోర్ కీపరు చాలు.

బెల్టు సంగతే తీసుకో. స్లాబు అంచున పనిచేసే ప్రతివాడికీ హార్నెస్ తొడిగించు, కొక్కెం ఎక్కడో ఒకచోట తగిలించమను, ఫొటో తియ్యి. ఎక్కడ తగిలించాడన్నది చూడకు. చూస్తే లెక్క వెయ్యాల్సొస్తుంది. తాడు పొడవు 1.8 మీటర్లు. పడేటప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకుంటే ఇంకో మీటరు. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా మీటరున్నర. కింద ఖాళీ ఓ మీటరైనా ఉండాలి. మొత్తం కలిపితే ఐదు మీటర్ల పైమాట. మొదటి అంతస్తు స్లాబు ఎత్తు మూడు మీటర్ల చిల్లర. కాళ్ళ దగ్గరున్న రాడ్డుకి కొక్కెం తగిలించినవాణ్ణి బెల్టు ఆపేలోపే నేల ఆపేస్తుంది. అంచున రెయిలింగ్ కట్టిస్తే ఈ కూడికలేవీ అక్కర్లేదు. కానీ దానికి పైపులు, క్లాంపులు, ఇద్దరు మనుషులు, ఒక పూట కావాలి. స్లాబు సైకిలు ఏడు రోజులన్న చోట పూట ఎక్కణ్ణుంచి తెస్తావు?

హెల్మెట్ లోపల గుండ్రటి అచ్చు ఉంటుంది, అందులోని బాణం తయారైన నెల చూపిస్తుంది. ఎండలో ఏళ్ళ తరబడి మగ్గిన ప్లాస్టిక్‌ని బొటనవేలితో నొక్కితే పెళుసుగా చప్పుడు చేస్తుంది. నొక్కకు. అచ్చు మీద కంపెనీ స్టిక్కరు అంటించు.

లిఫ్ట్ గుంతలు, పైపుల కోసం స్లాబులో వదిలిన ఖాళీలు కనిపిస్తే ప్లై ముక్క పరిపించు. మేకులు కొట్టించకు, రేపు మళ్ళీ పీకాలి. ఎర్రరంగుతో 'కింద గుంత ఉంది' అని రాయించకు, క్లయింటు విజిట్‌లో అసహ్యంగా కనబడుతుంది. ఆ ప్లై శుభ్రంగా, పనికొచ్చేలా కనిపిస్తుంది కాబట్టి ఏ కార్పెంటరో సాయంత్రం రెండు చేతులా ఎత్తుకుంటాడు. షీటు ముఖానికి అడ్డం, కాళ్ళ కింద ఏముందో కనిపించదు. ఒక్క అడుగు ముందుకేస్తాడు. ఈ విషయం మీద తర్వాత రిపోర్టు రాయడం నేర్పుతాను.

కొత్తగా కట్టిన నీళ్ళ సంపులో సెంట్రింగ్ ఊడదీసే పని వస్తుంది. ఇంకా ఒక్క చుక్క మురికి కూడా పడలేదు, ఇందులో గాలి ఎందుకు పాడవుతుంది అని మేస్త్రి అంటాడు. అవునను. మూత బిగించిన చోట వారాల తరబడి తడి చెక్క ఉంటే అది ఆక్సిజన్‌ని తినేస్తుందని, మామూలు గాలిలో 20.9 శాతం ఉండేది 19.5 కంటే తగ్గితే దిగకూడదని నువ్వు చదివి ఉండవు కదా, ఇబ్బంది లేదు. నా దగ్గర నాలుగు వాయువుల్ని కొలిచే మీటరుంది. డబ్బా విప్పలేదు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ మాత్రం ఏటా తెప్పిస్తాను. ఒకడు దిగి పలక్కపోతే వాణ్ణి లాగడానికి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు దిగుతారు. నువ్వు పైన నిలబడి పర్మిట్ మీద దిగిన టైము రాస్తూ ఉండు.

పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్ తప్పదు. షీటు ఇంగ్లీషులో ఉంటుంది, ఇంగ్లీషులోనే చదువు. ఎదురుగా నిలబడ్డవాళ్ళలో ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, బిహార్ వాళ్ళు, ఇంటి దగ్గరే పని దొరికిందని సంతోషించే పాలమూరు వాళ్ళు. సైట్లో ఎక్కువమంది మాట్లాడే భాష సేఫ్టీ ఆఫీసరుకి తగినంత రావాలని ఆ 1998 నిబంధనల్లోనే, అర్హతల పట్టికలో స్పష్టంగా ఉంది. రాసినవాళ్ళు ఏ మధ్యాహ్నం నిద్రలో రాశారో. చివర్లో అందరి వేలిముద్రలూ తీసుకో. అర్థమైందా అని తెలుగులో అడిగి, తలలూపితే ఫొటో తియ్యి.

ఖతర్ వెళ్తే ఎండ సంగతి చూసుకోవాలి. అక్కడ 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని ఆపాలి. వేడీ తేమా కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ సూచీ 32.1 దాటితే ఏ వేళైనా సరే ఆపాల్సిందే. మీటరుకి పాపం ఎండ తగిలితే పాడవుతుంది. ఆఫీసు క్యాబిన్లో, ఏసీ ఎదురుగా వేలాడదియ్యి.

నియర్ మిస్ అని ఒక రిజిస్టరు ఇస్తారు. ఎవరికీ దెబ్బ తగలకుండా తప్పిపోయిన సంఘటనలు అందులో రాయాలి. హైన్రిచ్ అనే అమెరికా బీమా కంపెనీ మనిషి 1931లో ఒక పెద్ద ప్రమాదం వెనక 29 చిన్నవి, 300 తప్పిపోయినవి ఉంటాయని లెక్క కట్టాడు. ఆ లెక్క మీద తర్వాత బోలెడు వాదాలు నడిచాయి కానీ స్లైడు బాగుంటుంది, పెట్టు. పరంజా మీంచి నా చేతిలోని స్పానరు జారిందండీ అని మొట్టమొదట చెప్పుకున్నవాడికి 500 ఫైన్ వెయ్యి. ఇంకెవడూ నోరు తెరవడు. నెలాఖరుకి టార్గెట్ పూర్తికాలేదని పై నుంచి ఫోనొస్తే నువ్వే కూర్చుని పది రాయి. ఇటుక పడింది, ఎవరికీ తగల్లేదు. అన్నిటికీ ఇటుకే పెట్టకు, మధ్యలో ఒక సుత్తి కూడా పడెయ్.

గేటు దగ్గర ఇన్ని లక్షల సురక్షిత పనిగంటలు అని బోర్డు ఉంటుంది. దాన్ని కాపాడటమే నీ అసలు ఉద్యోగం. దెబ్బ తగిలి మర్నాడు పనికి రాలేకపోతే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకని చెయ్యి విరిగినవాణ్ణి కట్టుతో సహా బండిలో తెప్పించి సైట్ ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టు. పనికొచ్చాడు, లైట్ డ్యూటీ. వాడికి టీ కూడా ఇప్పించు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు ఆ బోర్డు ముందే జెండా ఎగరేసి, ప్రతిజ్ఞ చేయించి, అందరికీ స్టీలు టిఫిన్ డబ్బాలు పంచుతారు.

ఇక ఆ ప్లై కింద గుంతలో పడ్డ కార్పెంటరు రిపోర్టు. ఐదుసార్లు ఎందుకు అని అడిగి మూలకారణం పట్టుకోమంటారు. ఎందుకు పడ్డాడు? చూసుకోలేదు. ఇక్కడితో ఆపెయ్. ఇంకోసారి అడిగావో, ప్లైకి మేకులు లేవని వస్తుంది. మళ్ళీ అడిగితే, మేకులు కొట్టాల్సినవాణ్ణి రెండో టవరుకి పంపారని వస్తుంది. ఆపైన అడిగితే స్లాబు తారీఖు ముందుకి జరిపారని ప్రాజెక్ట్ మేనేజరు పేరొస్తుంది. ఐదోది ఆ రోజు చెక్‌లిస్టు దగ్గరికి తీసుకెళ్తుంది. అందులో 'ఫ్లోర్ ఓపెనింగ్స్ మూసి ఉన్నాయి' ఎదురుగా టిక్కు, కింద నీ సంతకం. కాబట్టి మూలకారణం గడిలో 'కార్మికుడి అజాగ్రత్త' అని రాయి. దిద్దుబాటు చర్య గడిలో 'టూల్‌బాక్స్ టాక్ ఇవ్వడమైనది' అని రాసి, పోయిన నెల షీటు తారీఖు మార్చి జత చెయ్యి. వేలిముద్రల్లో ఆ కార్పెంటరుది కూడా ఉంటుంది, అదొక్కటి వైట్నర్‌తో చెరిపెయ్.