అన్నగారికీ తాతగారికీ మధ్య

మా వీధిలో ఒకాయన ఉన్నాడు. మీ వీధిలోనూ ఉండే ఉంటాడు కాబట్టి పేరు అనవసరం. ఎదురుపడితే నేను "అన్నగారూ" అంటాను, ఆయన మలుపు తిరిగాక "డై బాబాయ్" అంటాను. ఆయన వయసు యాభై మూడు. జుట్టు వయసు చెప్పాలంటే మాత్రం అది నెలలో ఎన్నో వారమో తెలియాలి.

మొదటి వారం ఆ తల కాకిరెక్కలా నిగనిగలాడుతుంది. రెండో వారానికి కాఫీపొడి రంగుకి దిగుతుంది. మూడో వారానికి పాపిడి దగ్గర సున్నంతో గీసినట్టు తెల్లటి చార బయటపడుతుంది. వెంట్రుక నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కుదుళ్ళలో రంగు తయారుచేసే కణాలు చేతులెత్తేశాక ఆ కొత్త సెంటీమీటరు తెల్లగానే పుడుతుంది, పైన పూసిన డై ప్యాకెట్ సంగతి దానికేం తెలుసు? నాలుగో ఆదివారానికి మొదలు తెలుపు, నడుమ గోధుమ, కొస నలుపు. ఆయన జీవితచరిత్రను ఒక్క వెంట్రుక మీద ముగింపు నుంచి మొదటికి చదువుకోవచ్చు.

ఇదంతా సోకు అనుకునేరు. సోకే అయితే ఆ కాలరు చిరిగిన చొక్కాలు మార్చేవాడు కదా! ఆయన బాధ జుట్టు గురించి కాదు, వరస గురించి.

ఇంగ్లీషువాడికి ఎదుటి తల ఏ రంగులో ఉన్నా 'సర్' ఒక్కటే. మనకలా కుదరదు. దారినపోయే మనిషిని పక్కకి జరగమనాలన్నా ముందు చుట్టరికం కలపాలి. ఆ చుట్టరికం ఏదో తేల్చేది జుట్టే. నల్లగా ఉంటే 'అన్నా'. చెంపలు నెరిస్తే 'అంకుల్'. నెరుపు నడినెత్తికి పాకితే 'బాబాయ్'. ఆపైన 'పెద్దాయనా'. ఆఖరి మెట్టు 'తాతా'. ఇందులో ఒక్కో మెట్టూ ఎక్కడానికి పదేళ్ళు పడుతుంది. దిగడానికి మాత్రం ఒక ప్యాకెట్ చాలు.

బాబాయ్ ఆ ప్యాకెట్ మొదటిసారి కొన్నది రైతుబజారు నుంచి తిరిగొస్తూ. "తాతా, బెండకాయలు లేతగా ఉన్నాయి, తీస్కో" అందిట కూరగాయలావిడ. ఆవిడకి అరవై దాటి చాలా కాలమైంది. బెండకాయల్ని లేతవి చేసి తనని ముదర చేసిందని ఆయనకి మంటెత్తింది. బెండకాయలు అక్కడే పడేసి కిరాణా కొట్టుకి నడిచాడు.

అప్పటినుంచి నాలుగో ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో స్నానాలగదికి గొళ్ళెం పడుతుంది. చిరుతపులి చర్మంలా మచ్చలు తేలిన పాత బనియను, రిటైరైన టూత్‌బ్రష్షు, ప్లాస్టిక్ గిన్నె, నుదుటికీ చెవులకీ అంటకుండా కొబ్బరినూనె. పట్టించాక అరగంట ఆగాలి. చుట్టాలు రావడానికి దేవుడు ఏర్పాటు చేసింది సరిగ్గా ఆ అరగంటే. "స్నానంలో ఉన్నాను" అన్న కేక మూడుసార్లు వినిపించాక, ఇంత శుభ్రమైన మనిషి ఇంకొకడు లేడని వియ్యాలవారు కూడా ఒప్పుకున్నారు.

అదే పిన్ని చూడండి. గోరింటాకు ముద్ద తలకి పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కట్టుకుని, వరండాలో కూర్చుని పక్కింటావిడతో కలిసి చిక్కుడుకాయలు వలుస్తుంది. ఆవిడకది ఇంటిపని. ఈయనకి మాత్రం దొంగనోట్ల అచ్చు.

తలతో ఆగితే బాగానే ఉండేది. సన్యాసి గోచీ కోసం పిల్లిని, పిల్లి కోసం ఆవుని తెచ్చుకుని చివరికి సంసారంలో పడ్డట్టు, తల నల్లబడేసరికి మీసం తెల్లబోయి కనిపించింది. మీసానికి వేస్తే కనుబొమలు అలిగాయి. కనుబొమలయ్యాక చొక్కా మొదటి గుండీ దగ్గర ఛాతీ తొంగిచూసింది. అక్కడ మాత్రం ఆయన గుండీ పెట్టుకుని సరిపెట్టుకున్నాడు.

బీమా పాలసీని చిన్నక్షరాలతో సహా చదివే మనిషి డై ప్యాకెట్లో చీటీ మాత్రం చదవలేదు. రంగు వేసుకోవడానికి 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కాస్త రాసి చూసుకోమని అందులో ఉంటుంది. ఒక సోమవారం తెల్లారేసరికి కనురెప్పలు పూరీల్లా పొంగాయి. ఆ రంగులోని పారాఫినైలీన్ డయామైన్ పడలేదని, ఇంక దాని జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. దాంతో ఆయన కూడా గోరింటాకులోకి దిగాడు. గోరింటాకు నెరిసిన వెంట్రుకని నలుపు చెయ్యదు, ఎర్రగా పండిస్తుంది. తల కొత్త ఇటుకలా తయారైంది. "ఇదేమిటండీ?" అంటే, "చలవకి" అన్నాడు. అప్పుడు సంక్రాంతి చలి, మేమంతా మంకీక్యాపుల్లో ఉన్నాం. గోరింటాకు మీద నీలిఆకు పొడి పట్టిస్తే నలుపు తిరుగుతుందని ఎవరో చెబితే, ఆ నెల నుంచి అరగంట కాస్తా పూర్తి ఆదివారం అయింది.

ఇంత కష్టపడి దిగిన మెట్టు మీద ఆయన సుఖంగా ఉన్నాడా అంటే అదీ లేదు. ఒకసారి చుట్టాల్లో ఆస్తి తగాదా వచ్చి నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. ఈయనా వెళ్ళాడు. "నువ్వింకా కుర్రాడివి, కాఫీలు అందాయో లేదో చూడు" అన్నారు. అన్నవాడు ఈయన కంటే రెండేళ్ళు చిన్న, తల దూదిపింజ. మన భాషలో అనుభవశాలిని 'తలపండినవాడు' అంటారు. బాబాయ్ పండుని మళ్ళీ కాయ చేసుకుని, పండుకిచ్చే గౌరవం రాలేదని వారం రోజులు అలిగాడు. పెళ్ళిలో 'అన్నయ్యా' అనాలి, పంచాయతీలో 'పెద్దాయనా' అనాలి. అలా పనిచేసే ప్యాకెట్ ఇంతవరకు ఏ కొట్లోనూ రాలేదు.

కాళిదాసు రఘువంశంలో ముసలితనం నెరిసిన వెంట్రుక వేషం వేసుకుని దశరథుడి చెవి దగ్గరకొచ్చి, రాజ్యం రాముడికిచ్చెయ్యమని చెప్పిందట. దశరథుడికి కిరాణా కొట్టు అందుబాటులో ఉండుంటే రామాయణం అక్కడే ఆగిపోయేది.

2020 లాక్‌డౌన్‌లో కిరాణా కొట్లు తెరిచే ఉన్నాయి, నీలిఆకూ దొరికేది. అయినా బాబాయ్ తలకి చుక్క రంగు పూయలేదు. ఇంట్లో పిన్ని ఎప్పుడూ పిలిచే "ఏవండీ"కి రంగుతో పనిలేదు. వీధిలో పిలిచే నాథుడు లేడు. మీసాన్ని మాస్కు చూసుకుంది. ఆయన రంగు వేసేది అద్దం కోసం కాదని నాకు అప్పుడు రూఢి అయింది.

కిందటేడు కూతురు గట్టిగా చెప్పింది: "నాన్నా, ఇంక మానెయ్. ఇప్పుడు సాల్ట్ అండ్ పెప్పరే ఫ్యాషన్." మానెయ్యాలని ఆయనకీ ఉంది. కానీ మానేసిన మూడు నెలలూ ఆ మూడు రంగుల తలతో ఊళ్ళో తిరిగేదెలా? ఆలోచించి ఆలోచించి తిరుపతి టిక్కెట్టు కొన్నాడు. ఎప్పుడో మొక్కుకున్నాట్ట. ఎప్పుడని పిన్ని అడగలేదు, మేమూ అడగలేదు.

గుండుతో తిరిగొచ్చి రైతుబజారుకి వెళ్తే, అదే కూరగాయలావిడ చెయ్యాపి దణ్ణం పెట్టింది. "కొండకెళ్ళొచ్చావా నాయనా?" అంది. తాత ఒక్కసారిగా నాయన అయ్యాడు. ఏళ్ళ తరబడి పూసిన రంగు చెయ్యలేని పని మంగలికత్తి పావుగంటలో చేసింది. ఆ రోజు బాబాయ్ రెండు కిలోల బెండకాయలు కొన్నాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు.

జుట్టు మళ్ళీ వచ్చింది, పంచదార చల్లినట్టు. ఇంకా ప్యాకెట్ కొనలేదు. కొనడని నేను పూచీ పడను. మీకూ ఇదే సందేహం ఉంటే వేసుకోండి, మానుకోండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. వేసుకునే పనైతే ముందు ఆ చీటీ చదవండి. మరీ ఎటూ తేలకపోతే తిరుమలలో గుండు చేసే కల్యాణకట్ట ఉండనే ఉంది. తర్వాత దేవస్థానం వేలంలో తెల్ల వెంట్రుకల్ని వేరే రకం కింద అమ్ముతారు, అది కొనేవాళ్ళ లెక్క. ఇచ్చేటప్పుడు మాత్రం నల్లవైనా, తెల్లవైనా, నడుమ గోధుమవైనా, వాటి పేరు తలనీలాలే.