ఏం చేస్తుంటారు?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా పక్కింటాయనకి 2023 లేఆఫుల్లో ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా మీదున్న మనిషికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజుల గడువు. ఆలోగా ఇంకోటి దొరకలేదు. పిల్లల చదువులు, ఇంటి లోను ఉన్నాయి, వెనక్కి వెళ్ళే వీల్లేదు. భార్యకి సొంత హెచ్1బీ ఉంది కాబట్టి ఆమె మీద ఆధారపడిన వీసా, హెచ్4కి మారాడు. ఆమె గ్రీన్‌కార్డు పని ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉంది. ఐ-140 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తుకి ఆమోదం వచ్చేదాకా హెచ్4 మీద ఆయన పని చెయ్యడానికి లేదు.

ఆమె కూడా 2009లో ఎం.టెక్ పట్టాతో హెచ్4 మీదే వచ్చింది. గ్రీన్‌కార్డు దారిలో ఉన్న హెచ్1బీ వాళ్ళ భార్యలూ భర్తలూ హెచ్4 మీదే పని చేసుకోవచ్చన్న నిబంధన 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాతే ఉద్యోగమూ, లాటరీలో హెచ్1బీ.

ఇప్పుడు ఇల్లంతా ఆయనదే. పొద్దున్నే రెండు లంచ్ బాక్సులు సర్దుతాడు, చిన్నదానికి నచ్చదని పులిహోరలో మిరపకాయలూ కరివేపాకూ ఒక్కొక్కటే ఏరేసి మరీ. మధ్యాహ్నం స్కూలు ముందు కార్ల వరసలో ఉంటాడు, సాయంత్రం కూచిపూడి క్లాసుకి దింపుతాడు. విసుక్కోగా నేను చూడలేదు. మా నాన్నగారి తరంలో ఇలాంటి మగవాణ్ణి ఎరగను. ఆయనంటే నాకు నిజంగా గౌరవం. గుడిలో, పుట్టినరోజుల్లో ఆడవాళ్ళంతా ఆమెతో ఒకటే మాట: "అదృష్టవంతురాలివి."

మొన్న శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి కలిసే వెళ్ళాం. ప్రసాదం తింటుంటే, కూతురి దగ్గరికి కొత్తగా వచ్చిన విజయవాడ పెద్దాయన ఒకరు ఆమెని అడిగారు.

"మీవారు ఏం చేస్తుంటారమ్మా?"

"కన్సల్టింగ్ అండీ. ఇంటి నుంచే."

మా పక్కింటాయనకి నోటి దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది. కారెక్కాక కాసేపు పలకలేదు. ఎల్డొరాడో పార్క్‌వే ఎక్కాక ఇక ఆగలేకపోయాడు.

"ఎందుకలా చెప్పావ్? హెచ్4 మీద ఉండి పని చేస్తున్నానంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు? సరే, అది వదిలెయ్. వండుతున్నాను, పిల్లల్ని చూసుకుంటున్నాను. ఆ మాట పైకి చెప్పుకోడానికి నీకు అంత నామోషీనా?"

వెనక సీట్లో ఉన్న నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆమె నెమ్మదిగానే అంది.

"ఆరేళ్ళు నేనూ ఇదే పని చేశానండీ. మీ ఆఫీసు పార్టీల్లో 'మీ ఆవిడ ఏం చేస్తుంది' అని అడిగితే, నా ఎదుటే ఏమని చెప్పేవారు? 'ఏం చెయ్యదు, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది' అని. మిమ్మల్ని అంత మాట అనడానికి నాకు నోరు రాలేదు."