చావు కబురు చల్లగా చెప్పే విధానం

మాది రెంటచింతల. మే నెల రాగానే వార్తల్లో మా ఊరి పేరు వినపడుతుంది, ఎండ అన్నిటికంటే ఎక్కువ ఎక్కడంటే ఇక్కడేనని. వాతావరణ శాఖ కేంద్రం ఊళ్లోనే ఉంది కాబట్టి ఆ అంకెను ఎవరూ దాచలేరు. ఇలాంటి చోట పుట్టినవాడు చల్లగా చెప్పడం నేర్పుతానంటే నవ్వొస్తుందేమో. కానీ కంపెనీల నుంచి చెడ్డ కబుర్లు అందుకోవడంలో మా పల్నాటి వాళ్ల అనుభవం తక్కువది కాదు. విత్తనాలమ్మేవాళ్లు, పురుగుమందులమ్మేవాళ్లు, డిపాజిట్లు కట్టించుకునేవాళ్లు, మా పిల్లలకు అమెరికాలో జీతాలిచ్చేవాళ్లు, అందరి దగ్గరా అందుకున్నాం. వాళ్లు కబురు చెప్పే ఆ విద్యను మేనేజర్ల మేలు కోరి ఇక్కడ పెడుతున్నాను.

ముందు మా ఊరి పద్ధతి మరిచిపోండి. మా దగ్గర ఎవరైనా పోతే ఒక మనిషి కబురు తీసుకెళ్లేవాడు. గుమ్మం బయటే నిలబడేవాడు, మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఫలానా ఆయన పోయాడు, తెల్లారుజామున, ఎత్తేది మూడింటికి. అంతే. ఎవరు, ఎప్పుడు, మీరు ఎన్నింటికి బయలుదేరాలి. ఇంత మోటుగా చెబితే కంపెనీ నిలుస్తుందా?

నేర్చుకోవాల్సిన మొదటి మాట 'అనివార్య కారణాల వల్ల'. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరోగానీ ఆయనకు గుడి కట్టించాలి. బస్సు రాకపోయినా, పరీక్ష వాయిదా పడినా, జీతం పడకపోయినా ఇది సరిపోతుంది. కారణం ఉందంటుంది, ఏమిటో చెప్పదు. దీని చెల్లెలు 'సాంకేతిక కారణాలు'. బ్యాంకు కౌంటరు దగ్గర ఆ పిల్ల ముద్దుపేరు 'సర్వర్ డౌన్'. చివర్లో రైలు ప్రకటనలో ఆడగొంతు పలికే ఆ 'చింతిస్తున్నాం' తగిలించండి. ఎవరు చింతిస్తున్నారని అడిగేవాడు ఇంతవరకు పుట్టలేదు.

వ్యాకరణం కూడా కాస్త చూసుకోవాలి. 'మీ డబ్బు మేం వాడేసుకున్నాం' అని రాయకూడదు. 'చెల్లింపుల్లో జాప్యం చోటు చేసుకుంది' అని రాయాలి. చోటు అదే చేసుకుంది, పాపం మీరేం చేస్తారు?

అన్నిటికంటే ముఖ్యం, కబురు మీరు మోయకండి. మోసేవాణ్ని ఊళ్లోనే చూసుకోండి. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌నే తీసుకుందాం. సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6,380 కోట్ల రూపాయల లెక్క. ఇంటికొచ్చి కట్టించుకున్నది హెడ్డాఫీసు కాదు, ఏజెంటు. ఏజెంటంటే ఎవరో కాదు, పిన్ని కొడుకు, పిల్లలకు ట్యూషన్ చెప్పే మాస్టారు, ఆదివారం గుళ్లో పక్కన కూర్చునేవాడు. చెల్లింపులు ఆగిపోయాక ఊళ్లో జనం పట్టుకున్నది అతని గుమ్మాన్నే. "అన్నా, నీ మొహం చూసి కట్టాం" అన్నారు. అతనికి తెలిసింది వాళ్లకు తెలిసినంతే. పైగా అతని డబ్బూ, బామ్మర్ది డబ్బూ అందులోనే ఉండేది. కంపెనీ ఛైర్మన్‌ను సీఐడీ అరెస్టు చేసింది 2016 ఫిబ్రవరిలో. పదివేల లోపు కట్టినవాళ్లకు ప్రభుత్వం తన ఖజానా నుంచి డబ్బివ్వడం మొదలుపెట్టింది 2019 నవంబరులో, గుంటూరులో. ఆ మధ్య ఏళ్లన్నీ పెళ్లిళ్లలో ఏజెంటు పక్క కుర్చీ ఖాళీ. కంపెనీకి దీనివల్ల కబురు ఖర్చు కలిసొచ్చింది కదా, మేనేజరు గారూ, ఆ లెక్క చూడండి.

అనుసరించకూడని నమూనా ఒకటుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన బోర్డుకు రాసిన ఉత్తరం. ఖాతా పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని అంకె వేసి మరీ రాశారు. ముందు రోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడింది. యాభై వేల పైచిలుకు ఉద్యోగులు టీవీల ముందు కూర్చున్నారు. చూశారా, అంకె చెబితే ఏమవుతుందో! అంతకుముందు ఏళ్లతరబడి మూడు నెలలకోసారి చెప్పిన మంచి కబుర్లకు మాత్రం ఎవరూ ఏడవలేదు.

అమెరికా వాళ్లు మనకంటే ముందున్నారు. 2021 డిసెంబరులో బెటర్ డాట్ కామ్ అధిపతి ఒక్క జూమ్ కాల్‌లో సుమారు 900 మందిని ఇంటికి పంపాడు. 2023 జనవరిలో గూగుల్ 12,000 ఉద్యోగాలు తీసేసినప్పుడు కొందరికి ఆ సంగతి ముందుగా చెప్పింది ల్యాప్‌టాపే. పాస్‌వర్డ్ తీసుకోలేదు. హెచ్1బీ వీసా మీదున్న కుర్రాడికి మరో కొలువు చూసుకోవడానికి ఉండేది 60 రోజులు. అతను ఇంటికి ఫోన్ చేసి చెప్పే తీరు చూడండి: "ప్రాజెక్టు మారుతున్నా నాన్నా, కొన్నాళ్లు ఖాళీ." కంపెనీ విద్య ఎంత బాగా అబ్బిందో.

అసలు చెప్పకుండా ఊరుకోవడమూ ఒక పద్ధతే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి పక్క ఊరి మీదికి వెళ్లింది. పన్నెండు మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది, మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. దీని మీద నాకు వెటకారం రావడం లేదు, ముందుకు పోదాం.

కళ్లారా చూసిన గురువు గురించి చెప్పి ముగిస్తాను. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడింది. పూతలో దూరి కూర్చునేది. కొమ్మ దులిపితే అరచేతిలో నువ్వుల కంటే సన్నగా నల్లగా కదిలేవి. ఒక కంపెనీ మందు మూడుసార్లు కొట్టాం. నాలుగోసారికి ఆ కంపెనీ కుర్రాడు బండి మీద చేలోకి వచ్చాడు, మెడలో కార్డు, నల్ల కళ్లద్దాలు.

"పురుగు బతికే ఉందయ్యా, చెట్టే పోయింది," అన్నాడు నాన్న.

"రిజల్ట్ ఆశించిన స్థాయిలో లేదండి పెద్దాయనా. వాతావరణం సహకరించలా."

"మందు మీదా, వాతావరణం మీదా?"

కుర్రాడు నొచ్చుకోలేదు. ఎంత తర్ఫీదు! వంగి, ముడుచుకుపోయిన ఆకుని రెండు వేళ్లతో విప్పి, నాలుగు ఫొటోలు తీశాడు. "పైకి పంపిస్తా," అన్నాడు. నాన్న పైకి చూశాడు. మబ్బు తునక కూడా లేదు.

తోట పీకేసి, దున్నించి, మొక్కజొన్న వేశాం. మొక్క మోకాలెత్తు వచ్చాక నాన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'ప్రియమైన రైతు సోదరా, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఐదుకి ఎన్ని స్టార్లు ఇస్తారు?' కళ్లజోడు లేక నన్ను చదవమన్నాడు. చదివాను.

"ఏందంట?"

"బాగుందా అని అడుగుతున్నారు."

"ఎవురికి?" అన్నాడు నాన్న.